రోడ్డాకు

టీ సగం తాగి గ్లాసు పక్కన పెట్టేసే మనిషిని చూస్తే పైడితల్లికి ఒళ్ళు మండుతుంది. ఎందుకు వదిలేశాడో చెప్పకపోతే ఇంకా మండుతుంది. ఆ ఉదయం ఫణీంద్ర మేస్టారు ఎందుకో చెప్పాడు. దాంతో మరీ మండింది.

"ఏమనుకోకండమ్మా, టీ చేదుగా ఉంది," అన్నాడాయన, పదిమంది వింటుండగా.

"సేదేటి మేస్టారూ? రాత్రి ఏ మాత్రేసుకున్నారో, ఆ సేదు నోట్లో ఉండిపోనాది. దాన్ని తెచ్చి నా టీ మీద పెడతారేటి?"

ఫణీంద్ర మైదాన ప్రాంతం నుంచి వచ్చి ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెప్పే మనిషి. మర్యాదస్తుడు. గ్లాసు మళ్ళీ తీసుకుని మిగిలింది కళ్ళు మూసుకుని తాగి, స్కూలుకు టైమైందంటూ బండెక్కాడు. బెంచీ మీద కూర్చున్న జీపు డ్రైవర్లు, సంతకు చింతపండు మోసుకెళ్తున్న ఆడవాళ్ళు ఎవరి గ్లాసు వాళ్ళు నిశ్శబ్దంగా ఖాళీ చేశారు. చూశారా, వీళ్ళందరికీ బాగానే ఉంది, ఆయనొక్కడికే వచ్చింది తెగులు అనుకుంది పైడితల్లి. కాని టీ చేదుగా ఉందని ఆమెకు ఆయనకంటే ముందే తెలుసు.

ముంచింగిపుట్టుకు ఇవతల, ఘాటీ దిగేచోట మలుపులో ఆమె రేకుల కొట్టు. ఆ దారిలో టీకొట్లు ఇంకా ఉన్నాయి గాని అన్నీ ప్యాకెట్ పాలవే. పైడితల్లి కొట్టులో మాత్రమే అప్పుడే పితికిన ఆవుపాలు. ఆ ఆవు పేరు చుక్క. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న ఎర్రావు. బొబ్బిలి దగ్గర కన్నవారి ఊళ్ళో, వాళ్ళమ్మ చనిపోయిన ఏడాది వాళ్ళ పాకలోనే పుట్టింది. అన్నదమ్ములు పొలం పంచుకున్నారు, ఇల్లు పంచుకున్నారు, వంటగిన్నెలు కూడా పంచుకున్నారు. దూడ ఎవరికీ అక్కర్లేకపోయింది. పైడితల్లి దాన్ని వ్యానెక్కించి కొండకు తెచ్చుకుంది. అమ్మ దగ్గర నుంచి ఆమెకు మిగిలింది ఆ ఒక్కటే.

అలాంటి ఆవు పాలు సంక్రాంతి పండగ వెళ్ళిన తర్వాత చేదెక్కాయి. మొదట టీపొడి మీద పడింది పైడితల్లి. మార్చింది. తరవాత గిన్నె మీద పడింది. చింతపండూ బూడిదా వేసి చేతులు నొప్పిపెట్టేలా తోమింది. కుళాయి నీళ్ళు మానేసి కొండ ఊట దగ్గర నుంచి బిందెలతో నీళ్ళు మోసింది. చక్కెర మార్చింది, యాలకులు దంచి పోసింది, అల్లం రెట్టింపు చేసింది. చేదు మాత్రం అలాగే ఉంది, పైగా అల్లం ఘాటొకటి తోడైంది.

పశువుల ఆసుపత్రి నుంచి లక్ష్మీప్రసాద్ వచ్చి పొదుగు నొక్కి చూశాడు. వాపు లేదు, జ్వరం లేదు, దూడ బ్రహ్మాండంగా తాగుతోంది, ఆవుకు రోగమేమీ లేదన్నాడు. "మేత చూసుకోండి," అని బ్యాగు సర్దుకున్నాడు. మేతంటే ఏ మేత అనడిగితే, అది మీరే చూసుకోవాలన్నాడు. చదువుకున్నవాళ్ళ దగ్గర ఇదే తంటా. తాళం ఎక్కడుందో చెప్పరు, ఇంట్లోనే ఉందంటారు.

చుక్క మేత సంగతి చూసేది సోంబరు. కాలువ అవతల గూడెంలో ఉంటాడు, పైడితల్లికంటే పదేళ్ళు పెద్దవాడు. పొద్దున్నే వచ్చి ఆవును తోలుకుపోతాడు, సాయంత్రం కట్ట మేత కోసుకొచ్చి, కత్తిపీట ముందేసుకుని సన్నగా తరుగుతాడు. అలా తరక్కపోతే చుక్క ఏరుకుని తిని సగం తొక్కేస్తుంది. ఆ పని మీద అతనికి ఎంత ప్రేమంటే, తరిగిన మేత చేత్తో తిరగేసి పుల్లలు ఏరి మరీ పెడతాడు. మనిషి మాత్రం పాలు ముట్టడు. గూడెంలో పాత తరం వాళ్ళెవరూ ముట్టరు. పాలు దూడవి, మనిషి తాగడమేమిటన్నది వాళ్ళ పద్ధతి. కొట్టుకొచ్చినా నల్ల టీయే. పాలు చేదెక్కాయని పైడితల్లి చెప్పినప్పుడు, అంతకుముందు ఎలా ఉండేవో తనకెలా తెలుస్తుందన్నట్టు చూశాడు.

"ఏటి కోసి ఏస్తన్నావు సోంబరన్నా దీనికి?"

"గడ్డేనమ్మా. రోడ్డాకు కూడాను."

రోడ్డాకు ఏమిటని అడిగితే, రోడ్డేశాక వచ్చిందిగా, ఆ ఆకు అన్నాడు. నిరుడు వేసవిలో గూడేల వైపు కొత్త రోడ్డు వేశారు. కింద నుంచి లారీలతో గ్రావెల్ తెచ్చి పోశారు. వానలు పడగానే ఆ గట్ల వెంబడి, ఆ తర్వాత చెక్‌డ్యాం కాలువ పొడుగునా కొత్త ఆకు ఒకటి మొలిచింది. మిగతా గడ్డంతా ఎండిపోయినా అది పచ్చగా, మెత్తగా ఉంటుందట. గూడెంలో ఎవరికీ దాని పేరు తెలియదు. రోడ్డుతో వచ్చింది కనక రోడ్డాకు.

ఆ తరిగిన మేతలో ఏ ఆకు ఏదో పోల్చడం బ్రహ్మకు కూడా చేతకాదు. ఒక మొక్క వేళ్ళతో సహా పీకి తెమ్మంది పైడితల్లి. సోంబరు తెచ్చాడు. అరచేయంత మొక్క. నేలకు అంటుకుని గుండ్రంగా పరుచుకున్న ఆకులు, ముల్లంగి దుంపకు క్యారెట్ ఆకులు అతికించినట్టు ఉంది. బంతినారేమో అనుకుని నలిపి వాసన చూసింది. బంతి వాసన లేదు. ఏ వాసనా లేదు, కాస్త పచ్చి కంపు తప్ప.

మొగుడు సింహాచలం ఆటో ఆపి ఫోను తీశాడు. అతని ఫోనులో మొక్కల పేర్లు చెప్పే యాప్ ఉంది, దాని మీద అతనికి దేవుడి మీద లేని నమ్మకం ఉంది. మొక్కను బెంచీ మీద పెట్టి ఫొటో తీస్తే క్యారెట్ అంది యాప్. వెలుతురు చాలలేదని రోడ్డు మీదకు తెచ్చి తీస్తే చామంతి అంది. తిరగేసి తీస్తే ఏదో సీమదేశపు పేరు చెప్పి, ఇది మీ పెరట్లో అందంగా ఉంటుందంది. పైడితల్లికి ఆ ఫోను తీసి మరుగుతున్న గిన్నెలో పడేయాలనిపించింది.

చివరికి ఫొటోను జీవితకు పంపారు. జీవిత రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకురాలు, చురుకైన పిల్ల. వెంటనే ఫోను చేసింది. ఈ వయసు మొక్కను ఫొటోలో చూసి చెప్పడం కష్టం, మాచిపత్రి కావచ్చు, లేదా కాంగ్రెస్ గడ్డి అంటారే, ఆ వయ్యారిభామ కావచ్చు అంది. ఆకు కింద తెల్లగా నూగు ఉండి, నలిపితే ఘుమఘుమలాడితే మాచిపత్రి. రెండు వైపులా ఆకుపచ్చగా ఉండి, ఎదిగిన కాడ మీద నిలువు గీతలుంటే వయ్యారిభామ. పువ్వు చూస్తే ఇక అనుమానం ఉండదు, పువ్వున్న మొక్క ఫొటో పంపండి అంది.

వయ్యారిభామ అన్న మాట వినగానే పైడితల్లి కస్సుమంది.

"సూడమ్మా, నాను ఆ మొక్కని ఎరగనా? బొబ్బిలి పొలాల్లో దాంతోనే పెరిగినాను. అది నడుమెత్తు ఉంటాది, మీద ముగ్గు సల్లినట్టు తెల్ల పువ్వులుంటాయి. ఇది నేలకి అంటుకుపోయిన మొక్క. దానికీ దీనికీ పోలికేటి?"

పెద్దయితే అలా అవుతుందేమో అని జీవిత నెమ్మదిగా ఏదో చెప్పబోయింది. పైడితల్లి వినిపించుకోలేదు. ఆ మొక్క ఆమెకు చిన్ననాటి శత్రువు. కలుపుతీతకు వెళ్ళి వెళ్ళి వాళ్ళమ్మ చేతులు, మెడ దద్దుర్లతో నల్లబడిపోయాయి. రాత్రంతా గోక్కుంటూ కూర్చునేది. ఆ మొక్కను నిద్రలో చూపించినా గుర్తుపడతానన్నది పైడితల్లి ధీమా. కాని అది బిడ్డగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో ఆమె ఏనాడూ వంగి చూడలేదు. ఎవరు చూస్తారు?

ఆకు కింద తెలుపు ఉందా లేదా అన్నదాని మీద మొగుడూ పెళ్ళాలకు పెద్ద రగడ జరిగింది. కొంచెం తెల్లగా ఉందంటాడు సింహాచలం. అది దుమ్మంటుంది ఆమె. ఎందుకైనా మంచిదని సోంబరుతో, ఆ రోడ్డాకు కొన్నాళ్ళు కొయ్యొద్దని చెప్పింది. అతను తలూపాడు. తలూపి, అన్నమాట ప్రకారం రోడ్డు గట్టు మీద కత్తి పెట్టలేదు కూడా. అయినా ఆ కొన్నాళ్ళూ పాలు చేదే. ఆకు తప్పేమీ లేదని తేలిపోయింది కదా అన్నాడు సింహాచలం.

అతను అన్న రెండో మాట ఆమెకు నిద్ర లేకుండా చేసింది. ఆవునే మార్చేద్దామన్నాడు. కొన్ని ఆవులంతే, ఒక ఈతలో పాలు పాడైపోతాయి. ఎల్లుండి సంత. ధనరాజు కింద నుంచి పశువుల కోసం వస్తాడు. వేరే ఆవు దొరికేదాకా ప్యాకెట్ పాలతో నెట్టుకొద్దాం, ఇప్పటికే జీపుల వాళ్ళు అవతలి కొట్టు దగ్గర ఆపుతున్నారు, ఇంకో నెలాగితే కొట్టుకు తాళమే అన్నాడు. పైడితల్లి అరిచింది, ఏడ్చింది, అన్నం మానేసింది. అతను అన్నీ విని, మరి ఏం చేద్దామో నువ్వే చెప్పు అన్నాడు. అదే ఆమెకు అన్నిటికంటే కోపం తెప్పించింది.

మర్నాడు కొట్టు వదిలేసి రోడ్డు గట్టు వెంబడి పువ్వు కోసం వెతుక్కుంటూ పోయింది. ఒక్క పువ్వు లేదు. ప్రతి మొక్కా చీలమండ ఎత్తులో నున్నగా కోసేసి ఉంది. ఊరంతా క్షౌరం చేసినట్టు కోశాడు సోంబరు, మానేయమనకముందు. ఇంత పనిమంతుణ్ణి ఏమని తిట్టాలో తెలియక తనను తాను తిట్టుకుంటూ తిరిగొచ్చింది.

సంత రోజు తెల్లవారకముందే సింహాచలం చుక్కను విప్పాడు. దూడను తోలడానికి సోంబరు వచ్చాడు. పలుపు అందిస్తూ, ఆశ చావక, ఈ ఆకుకు పువ్వనేది పూయదా అని అడిగింది పైడితల్లి.

"పూస్తాదమ్మా. పువ్వేసింది కొయ్యను. ఇత్తనానికి ఇడిసినాను. ఇంటికాడుంది సూడు," అన్నాడు సోంబరు. అని దూడ వెనక నడిచిపోయాడు. మంచులో వాళ్ళు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా పైడితల్లి నిలబడింది.

పొయ్యి వెలిగించాలనిపించలేదు. ఖాళీ గుంజ వైపు చూడబుద్ధి కాలేదు. కాసేపు ఉన్న గిన్నెలే కడిగింది. ఇంతలో జీవిత ఫోను చేసి పువ్వు దొరికిందా అనడిగింది. ఆవే పోయింది, ఇంకా పువ్వెందుకని కసిరి పెట్టేసింది. పెట్టేశాక, విత్తనానికి వదిలానన్న సోంబరు మాట బుర్రలో తిరగడం మొదలైంది. గడ్డికి విత్తనం కట్టే మనిషి ఎవరైనా ఉంటాడా? కొట్టు తలుపు దగ్గరికి లాగి, కాలువ దాటి గూడెం దారి పట్టింది. ఇన్నేళ్ళలో ఆ దారిన వెళ్ళడం అదే మొదలు. కొట్టు వదిలి కాలువ దాటిందే లేదు.

కాలువ గట్టెక్కగానే అడుగు తడబడింది. గట్టు పొడుగునా రోడ్డాకే. వరసలుగా, ఒత్తుగా, చల్లితే తప్ప అలా మొలవదు. మధ్యలో చుక్క గిట్టల జాడలు, మేసిన మొక్కలు. రోడ్డు మీద కోయడం మాన్పించిన నాటి నుంచి సోంబరు ఆవును ఇక్కడికి తోలుకొచ్చి మేపుతున్నాడు.

సోంబరు ఇంటి వెనక అతని పెళ్ళాం బుద్రి చేటలో చోళ్ళు చెరుగుతోంది. పైడితల్లిని చూసి గబగబా లేచి, పీట వేసి, ఎందుకొచ్చావని కూడా అడక్కుండా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది. చూపించడానికి ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తున్న మనిషిలా ఉంది.

పెరట్లో మేకలు దూరకుండా ముళ్ళకంప కట్టిన మడి. శుభ్రంగా గొప్పు తవ్వి, నీళ్ళు పట్టి ఉంది. అందులో ముందు వరసలో, నేలకు అంటుకుని గుండ్రంగా పరుచుకున్న చిన్న మొక్కలు. వాటి వెనక, మధ్యలోంచి కాడ లేచిన మొక్కలు, కాడ మీద నిలువు గీతలు. ఆ వెనక మోకాలెత్తువి. చివర కంప పక్కన, నడుమెత్తున, కొమ్మలు విరబోసుకుని, నెత్తి నిండా తెల్ల పువ్వులతో నిలబడి ఉంది వయ్యారిభామ.

అంత అందంగా, అంత ఆరోగ్యంగా ఉన్న వయ్యారిభామను పైడితల్లి బొబ్బిలి పొలాల్లో కూడా చూడలేదు. దానికి పేడ ఎరువు వేసిన మనిషి లోకంలో ఇంకొకడు ఉండడు. పిల్ల మొక్క నుంచి పెద్ద మొక్క దాకా మెట్లు కట్టినట్టు కళ్ళెదుట ఉంటే ఇంకా కాదని ఎలా అంటుంది? ఆ పిల్ల జీవిత చెబుతుంటే నోరు మూయించింది తనే.

"సుక్క కోసమేనమ్మా," అంది బుద్రి. "యేసవిలో మేతుండదు గదా. మంచి మొక్కలు ఏరి, ఇత్తనం కట్టి, కాలవకాడ సల్లినాడు. రోడ్డుమీద దుమ్మని నువ్వు వొద్దన్నావంట గదా. ఇది కడిగినట్టుంటాది."

దుమ్మని సోంబరుతో తానెప్పుడంది? కొయ్యొద్దని మాత్రమే అంది, ఎందుకో చెప్పలేదు. చెప్పడానికి తనకే తెలియదు. అతను తనకు తోచిన కారణం ఊహించుకుని, తనకు తోచిన మేలు చేశాడు. తిడదామని తెరిచిన నోరు బుద్రి చేతులు చూసి మూసుకుంది. మోచేతుల దాకా నల్లటి దద్దుర్లు. గోకిన చోట తోలు దళసరెక్కింది. వాళ్ళమ్మ చేతులు అచ్చం ఇలాగే ఉండేవి. ఏమిటివి అనడిగితే, చలికి వచ్చాయేమో, ఆయనకూ ఉన్నాయంది బుద్రి.

ఆ మడిలోకి ఇక దిగొద్దని, చేతులు వెంటనే కడుక్కోమని మాత్రం చెప్పి, కొంగు చేతికి చుట్టి ఒక పూల కొమ్మ విరుచుకుని రోడ్డు మీదకు పరిగెత్తింది. మొదట దొరికిన జీపు సంతకు పోయేదే. మనుషులు, మూటలు, కోళ్ళ గంపలు పోను కాలు పెట్టే చోటు మాత్రమే ఉంది. ఆ చోటులోనే వేలాడుతూ, డ్రైవరు ప్రతి గూడెం దగ్గరా ఆపుతుంటే ప్రతిసారీ వాణ్ణి తిట్టుకుంటూ చేరింది.

పశువుల వైపు వెళ్ళేసరికి ధనరాజు చేతిలో పలుపు ఉంది. ఆ సంతలో పశువును ఉత్తినే చేతులు మార్చరు. అమ్మేవాడు గుప్పెడు పచ్చమేత పలుపుతో కలిపి కొనేవాడి చేతిలో పెట్టి, పశువుకు ఏ లోపం ఉందో నలుగురూ వినేలా చెప్పాలి. చెప్పి ఇచ్చాక అమ్మేవాడు నాది అనడానికి లేదు, పెద్దలు ఒప్పుకోరు. దాచిన లోపం పశువు సంత దాటకముందే బయటపడితే మాత్రం బేరం రద్దు. సింహాచలం ఏ లోపమూ లేదని చెప్పి ఇచ్చేశాడు. ధనరాజు చేతిలో పలుపుతో పాటున్న ఆ గుప్పెడు పచ్చమేత కూడా రోడ్డాకే.

నా ఆవు నేనివ్వను అంది పైడితల్లి. ధనరాజు నవ్వి, ఇచ్చేశారు కదమ్మా అన్నాడు. పెద్దలు కూడా తల అడ్డంగా ఊపారు. సింహాచలం ఆమె జబ్బ పట్టుకుని, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అన్నాడు. పైడితల్లి చుట్టూ చూసింది. సంతకొచ్చిన సగం మంది ఆమె కొట్టులో టీ తాగేవాళ్ళే. జీపు డ్రైవర్లు, రాజ్మా గింజలు అమ్మే ఆడవాళ్ళు, ఉల్లిపాయలు బేరమాడుతున్న ఫణీంద్ర మేస్టారు. ఇన్నాళ్ళూ వాళ్ళ ముందు చేదనే మాట రానివ్వకుండా నోటితో కాపలా కాసింది. ఇప్పుడు ఆవును వెనక్కి తెచ్చుకోవాలంటే ఒకటే దారి ఉంది. ఆ దారి ఆమె కొట్టు మీదుగానే పోతుంది.

"లోపముంది," అంది గట్టిగా. "పాలు సేదు. పండగెల్లిన కాడి నుంచీ సేదే. మీరందరూ తాగిన టీ సేదే. ఈ మేస్టారు ఉన్నమాట సెప్తే నాను ఆయన్నే తిట్టినాను."

సింహాచలం నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. దీనికి మతి పోయిందని, బేరం చెడగొట్టడానికి అబద్ధమాడుతోందని అన్నాడు. పైడితల్లి పక్క కొట్టు నుంచి ఒక గ్లాసు లాక్కుని, చుక్క పక్కన కూర్చుని నాలుగు ధారలు పితికి ధనరాజు చేతిలో పెట్టింది. అతను గుక్క పుచ్చుకుని, మొహం వికారంగా పెట్టి పక్కకు ఉమ్మేశాడు. పలుపు, మేత, రెండూ సింహాచలం మీదకు విసిరాడు.

ఇంత చేదు పాలతో ఇన్నాళ్ళూ టీ పోస్తే మీరంతా ఎలా తాగారయ్యా అని ధనరాజు జనాన్ని అడిగాడు. రాజ్మా కుప్ప ముందు కూర్చున్న ముసలామె ఒకతి తల దించుకుని చెప్పింది.

"సేదని మాకెరికే. రాకపోతే ఈయమ్మ మనసు కష్టపెట్టుకుంటాది. అందుకే తాగినాం."

పైడితల్లికి సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువ కోపమొచ్చింది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు మేస్టారికి వంత పాడి ఉంటే తాను ఇన్ని బిందెల నీళ్ళు మోసేది కాదు. ఇంత మంచితనం చుట్టూ పెట్టుకుని మనిషి ఎలా బాగుపడుతుంది? ఎవరి మీద అరవాలో తెలియక, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే చుక్క మెడ మీద మొహం పెట్టేసుకుంది.

పాలు ఎందుకు చేదెక్కాయని పెద్దల్లో ఒకాయన అడిగాడు. దూడ మెడ పట్టుకుని నిలబడిన సోంబరు, జవాబు కోసం అందరితో పాటు ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె చేతిలోని పూల కొమ్మను అతను గుర్తుపట్టాడు. మొహంలో చిన్న నవ్వు కూడా వచ్చింది, తన పంట సంతకొచ్చినందుకు.

"మేత నాను సూసుకోనేదు," అంది పైడితల్లి. "తప్పు నాదే." సింహాచలం ఏదో అనబోతే ఒక చూపు చూసింది. అతను పలుపు చుట్టుకోవడంలో పడ్డాడు.

తిరుగుదారి పట్టారు. రోడ్డుకు రెండు వైపులా ఆకు మొలిచే ఉంది. చుక్క ప్రతి పది అడుగులకూ మూతి అటు చాపుతుంది, సింహాచలం పలుపు లాగుతాడు, అది మళ్ళీ చాపుతుంది. కొంత దూరం పోయాక సోంబరు అడిగాడు.

"రోడ్డాకేనా అమ్మా?"

అవునంది. దాని పేరు చెప్పింది. పాలు చేదు చేస్తుందని, ఒంటికి తగిలితే దద్దుర్లొస్తాయని, చేలో పడితే చేనును మింగేస్తుందని, వాళ్ళమ్మ ఒళ్ళు దానివల్లే పాడైందని చెప్పింది. తిట్టకుండా చెప్పడం ఆమెకు ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు. సోంబరు తన చేతులు తిప్పి చూసుకున్నాడు. మడి ఈ రోజే పీకి తగలబెడతానన్నాడు. చేతులకు గుడ్డ చుట్టుకుని మరీ పీకమంది. కాలువ గట్టు కూడా పీకుతానన్నాడు. తానూ వస్తానంది. అక్కడితో అయిపోయిందనుకుంది.

సోంబరు ఇంకా నడుస్తూనే ఏదో మింగుతున్నాడు. చివరికి, ఇంట్లో ఎండిన ఆనపకాయ బుర్ర నిండా విత్తనం ఉందన్నాడు. దాన్ని పొయ్యిలో పోసేయమంది. అది కాదమ్మా అన్నాడు. ఒక బుర్ర కాదు, నాలుగు కట్టాడట. మూడు పంచేశాడట. వేసవిలో కూడా పచ్చగా ఉండే మేత ఎవరికి చేదు? పెద్ద కూతురి ఊరికొకటి, బావమరిది ఊరికొకటి, వియ్యంకుడికొకటి ఇచ్చాడు. వాళ్ళింకా చల్లలేదు, చైత్ర పండగ అయ్యాక విత్తనాలకు పూజ చేసి చల్లుతారు.

పైడితల్లి రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ఆగి, పొలిమేర రాయి మీద కూలబడి, చేతిలోని పూల కొమ్మతో నుదురు కొట్టుకోబోయి, అదేమిటో గుర్తొచ్చి దూరంగా విసిరేసింది. వెళ్ళి వెనక్కి తెచ్చుకో అంది. సోంబరు కదల్లేదు. ఆ పెద్ద మనిషి కళ్ళల్లో ఆమె అంతవరకూ ఎప్పుడూ భయం చూడలేదు.

"ఇచ్చిన ఇత్తనం తిరిగి అడగరాదమ్మా. మాలో ఎవురూ అడగరు. అడిగినోడి మొకం మళ్ళీ సూడరు."

సింహాచలం ఇదంతా తనకు సంబంధం లేనట్టు ఆవును నిమురుతున్నాడు. కొండల మీద పొద్దు నెత్తికెక్కింది. పొద్దుట్నుంచి ఆమె కడుపులో టీచుక్క కూడా పడలేదు. తెరవని కొట్టు, రేపటి నుంచి ఎవరొస్తారో రారో తెలియని కొట్టు. ఈ మూడు ఊళ్ళూ మూడు కొండల మీద ఉన్నాయని, ఏ ఊరికీ రోడ్డు లేదని ఆమెకు తెలుసు. ఆ రోడ్డు లేకపోవడమొక్కటే ఇప్పటిదాకా ఆ ఊళ్ళను కాపాడింది. పైడితల్లి లేచి చీర దులుపుకుంది. ఆవునూ దూడనూ ఇంటికి తోలుకుపొమ్మని, దారిలో ఒక్క ఆకు మేయనిచ్చినా ఊరుకోనని మొగుడితో చెప్పింది. అతను మారుమాట్లాడకుండా కదిలాడు.

"ముందు నీ కూతురి ఊరు పద," అంది సోంబరుతో. "నువ్వు నోరెత్తకు. దారి సూపించు, సాలు. అడగడం నాను అడుగుతాను. నానెలాటిదాన్నో అందరికీ ఎరికే గదా."